తల్లి లేని కోడిపిల్లల కోసం

అరకు లోయలో పశువైద్యుడిగా నేను ఎక్కువగా వాదించేది కోళ్ల నీళ్లలో కలిపే టెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ పొడి గురించే.

"జబ్బు రాకముందే మందెందుకేశావప్పా?" అని డుంబ్రిగుడ వైపు ఒకామెను అడిగాను.

"ముందే ఏస్తే తెగులు రాదని కొట్టువోడు సెప్పినాడు, బాబూ."

అయినా అప్పటికే ఆమె కోళ్లలో సగం కొక్కెర తెగులుతో పోయాయి. అది వైరస్. ఏ యాంటీబయోటిక్కూ దాన్ని ఆపదు. పైగా ఆ పొడి పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను చంపి, మందుకు లొంగనివాటిని మిగులుస్తుంది. అవి మనుషుల దాకా వస్తాయి. అందుకే కోళ్లకు, మేతల్లో కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్ వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది. మేతలో ఎదుగుదల కోసం యాంటీబయోటిక్స్ కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006లోనే ఆపేసింది.

నాటుకోడి పొదిగిన పిల్లకు ఆ మంచి జీవులు తల్లి కెలికిన మట్టిలోంచి, తల్లి రెట్టలోంచి చేరతాయి. ఇంక్యుబేటర్‌లో పుట్టి పెట్టెల్లో కొండెక్కే వనరాజా రకం పిల్లకు ఆ తల్లి లేదు. ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు నుర్మి, రంటాలా 1973లో పెద్దకోళ్ల పేగుల్లోని సూక్ష్మజీవులను పిల్లలకు పట్టించి, సాల్మొనెల్లా నిలదొక్కుకోకుండా చేయవచ్చని చూపించారు. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టినట్టు, ముందు చేరినవాళ్లదే చోటు. అందుకే ఆ మంచి జీవులుండే ప్రోబయోటిక్‌ను పిల్లల పెట్టె తెరిచిన రోజే పట్టాలి. జబ్బు పడ్డాక కాదు.

లాక్టోబాసిల్లస్ ఉన్న ప్రోబయోటిక్ పొడిని క్లోరిన్ నీళ్లలో, వేడి నీళ్లలో కలిపితే వృథా. ఊటనీటిని మరిగించి, బాగా చల్లార్చి కలపమంటాను. బాసిల్లస్ సబ్టిలిస్ అనే మరో మంచి జీవి సిద్ధబీజాలు వేడిని ఓర్చుకుంటాయి కాబట్టి మిల్లులో చేసే గుళికల మేతకు అవే నయం. పక్కనే యాంటీబయోటిక్ ఇస్తుంటే మాత్రం చాలావరకు డబ్బు దండగ.

పుష్యమాసపు చలికి పిల్లలు ఒకదానిమీదొకటి ఎక్కి ఊపిరాడక చస్తాయి. దానికి ఏ పొడీ పనిచేయదు, వెచ్చదనం కావాలి. కొక్కెర తెగులుకు టీకాయే దారి: మొదటి వారంలో కంట్లో లసోటా చుక్క. ఒక్క సీసా వందల కోళ్లకు సరిపోతుంది, కలిపాక కాసేపట్లోనే వాడేయాలి. ఇంటికి పది కోళ్లున్న ఊళ్లో అదే చిక్కు. తెల్లారకముందే, కోళ్లను కప్పిన బుట్టలు ఎత్తకముందే వెళ్లి ఊరంతటికీ ఒకేసారి వేస్తాను.

పిల్లల పెట్టెలతో పాటే, ఐస్‌లో టీకా సీసా, ప్రతి ఇంటికీ ప్రోబయోటిక్ పొట్లం పంపమని పైవాళ్లను అడుగుతూనే ఉన్నాను.