శరత్తులో ఉత్తరాంధ్ర తీరం... తేదీలే కీలకం!

వానలు వెనకబడ్డాయంటే చాలు... విశాఖ నుంచి బారువ దాకా తీరమంతా కడిగిన ముత్యంలా మెరిసిపోతుంటుంది. తూర్పు కనుమలు ఇక్కడ సముద్రపు అంచు దాకా వచ్చి ఆగుతాయి. ఓ పక్క వానకు తడిసి పచ్చబడ్డ కొండ, ఇంకో పక్క నీలి కెరటం, నడుమ రోడ్డు. అందుకే ఆశ్వయుజం రాగానే చాలా ఇళ్లలో 'ఈసారి వైజాగ్ వెళ్దామా?' అన్న మాట మొదలవుతుంది. పిల్లలకు దసరా సెలవులు, పెద్దలకు నాలుగు రోజుల విశ్రాంతి. ఇంకేం కావాలి?

క్యాలెండర్‌ను ఒక్కసారి జాగ్రత్తగా చూసుకోవాలి!

2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖను తాకి నగరాన్ని చిన్నాభిన్నం చేసింది. విమానాశ్రయమే మూతపడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో విరుచుకుపడింది. ఆరేళ్లలో మూడు పెను తుపాన్లు, అదీ రెండే తేదీల్లో! 2025లో మొంథా కాస్త ఆలస్యంగా, అక్టోబరు 28న నరసాపురం దగ్గర తీరం దాటింది. నైరుతి రుతుపవనాలు వెళ్లిపోతూ, ఈశాన్య గాలులు ఇంకా కుదురుకోని వేళ అది. బంగాళాఖాతం మాత్రం వేడిగానే ఉంటుంది. అల్పపీడనం బలపడటానికి అంతకన్నా అనువైన సమయం ఉండదు. నవంబరు గడిచేకొద్దీ వాటి దారి ఎక్కువగా దక్షిణ కోస్తా, తమిళనాడు వైపు మళ్లుతుంది.

కాబట్టి సెలవు పెట్టుకోగలిగినవాళ్లకు దీపావళి దాటాక, కార్తీకంలో వెళ్లడమే మేలు. గదులూ తేలిగ్గా దొరుకుతాయి. దసరాకైతే దుర్గాపూజ సెలవులు గడపడానికి వచ్చే బెంగాలీ కుటుంబాలతో విశాఖ హోటళ్లు కిటకిటలాడతాయి. బడిపిల్లలున్నవాళ్లకు దసరా తప్పదు. అలాంటివాళ్లు రద్దు చేసుకున్నా డబ్బు తిరిగిచ్చే గదులే తీసుకోవాలి. బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు నుంచీ వాతావరణ శాఖ ప్రకటనలు చూస్తుండాలి. తుపాను మూలంగా రైలే రద్దయితే రైల్వే మొత్తం ఛార్జీ వాపసు ఇస్తుంది. ఒకప్పుడు నాలుగు నెలల ముందే టికెట్ తీసుకునే వీలుండేది. 2024 నవంబరు నుంచి అది 60 రోజులే. అంటే ప్రయాణానికి రెండు నెలల ముందు, ఉదయాన్నే సిద్ధంగా కూర్చోవాలన్నమాట.

భీమిలి దారిలో...

విశాఖ అనగానే ఆర్కే బీచ్, కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి. వాటికి ఒక రోజు చాలు. అసలు అందమంతా అక్కణ్నుంచి భీమిలికి వెళ్లే 30 కిలోమీటర్ల తీరపు రోడ్డులోనే ఉంది. రుషికొండ దాటాక వచ్చే తొట్లకొండపైన రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం ఉంది. నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే దానికా పేరు. మెట్ల మీద కూర్చుంటే కింద సముద్రం అర్ధచంద్రాకారంలో కనిపిస్తుంది. ఇంకాస్త ముందుకెళితే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా గాలీ వానా మలిచిన ఈ దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. అయితే వానకు నానిన అంచులు విరిగిపడుతుంటాయి, పిల్లల్ని వాటి మీదికి ఎక్కనివ్వకూడదు. గోస్తనీ నది కడలిలో కలిసే భీమిలిలో డచ్చివారి సమాధులు చూసి, సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు.

చాలామంది యాత్ర ఇక్కడితో ముగించి అరకు రైలెక్కేస్తారు. శ్రీకాకుళం వైపు చూసేవాళ్లు తక్కువ. నిజానికి శరత్తు తన సొగసంతా దాచుకున్నది అక్కడే!

విశాఖ నుంచి 110 కిలోమీటర్ల దూరం. అక్టోబరు మొదట్లో వెళ్తే అరసవల్లిలో తెల్లవారుజామునే బారులు తీరాలి. ఏడాదిలో రెండుసార్లే, మార్చిలోనూ అక్టోబరులోనూ, ఉదయకిరణాలు సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయి. మబ్బు పట్టిందా, నిరాశే! శ్రీకూర్మం, శాలిహుండం చూసుకుని వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం చేరితే, అక్కడ దీపస్తంభం, ఇసుక, నిశ్శబ్దం తప్ప మరేమీ ఉండవు. తినుబండారాలు వెంట తీసుకెళ్లడం మంచిది.

టెక్కలికి దగ్గర్లోని తేలినీలాపురానికి సెప్టెంబరు నుంచే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చేస్తాయి. ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, వేసవి వేళకు వెళ్లిపోతాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊరివాళ్లు చెబుతారు. ఎక్కణ్నుంచి వచ్చినా, పురుటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లాగే చూసుకుంటారు. వాటిని ఎవరూ అదిలించరు. అక్కడికి వెళ్లినవాళ్లూ కేకలు వేయకుండా, దూరం నుంచే చూడటం మర్యాద.

ఒక్కమాట. ఈ తీరంలో సముద్రం చూడ్డానికే కానీ ఈతకు కాదు. ఒడ్డునే లోతు ఎక్కువ, కెరటం వెనక్కి లాగే బలమూ ఎక్కువే. కార్తీక పౌర్ణమి స్నానాలకు వెళ్లేవాళ్లు మోకాలి లోతు దాటకూడదు. అదీ పోలీసులు, గజ ఈతగాళ్లు ఉన్నచోటే.

చివరి మజిలీ బారువ. దారంతా ఉద్దానమే... కొబ్బరి, జీడి, పనస తోటలు. తిత్లీ రాత్రి ఇక్కడ లక్షల కొబ్బరిచెట్లు నేలకూలాయి. కొబ్బరి మొక్క కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది, అప్పటిదాకా రైతుకు ఎదురుచూపే. పలాసలో జీడిపప్పు కొనుక్కుని, తోట పక్కన బోండాం కొట్టించుకుని తాగేటప్పుడు చెట్ల ఎత్తు గమనించండి. ఆకాశాన్నంటుతున్నవి ఆ తుపానును తట్టుకుని నిలిచినవి. పొట్టివి చాలావరకు ఆ తర్వాత నాటినవి.