దారిలో ఆపినప్పుడు

మా అమ్మాయి గ్రూప్-2 పరీక్షకు చదువుకుంటోంది. పగలు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలోను, సాయంత్రం అశోక్‌నగర్ కోచింగ్ సెంటరులోను గడుపుతుంది. ఇషా నమాజు ముగించుకొని మేము స్కూటరుపై వెళ్ళి తీసుకువస్తాము.

పోయిన శీతకాలంలో ఒక రాత్రి నారాయణగూడ దారిలో పోలీసులు వాహనాలు తనిఖీ చేస్తున్నారు. మా ముందున్న బండ్లన్నీ హాస్టలు కుర్రవాళ్ళవి. లైసెన్సు చూపి కదిలిపోయాయి. మా గడ్డమూ టోపీ, అమ్మాయి నఖాబూ చూడగానే పక్కకు ఆపమన్నారు. కాగితాలన్నీ సరిగా ఉన్నాయి. అయినా "పాతబస్తీయేనా?" అని అడిగారు. పాతికేళ్ళుగా నారాయణగూడలోనే ఉంటున్నామంటే నమ్మినట్లు లేదు. ఫోను తెరవమన్నారు, తెరిచాము. తరువాత ఒక కానిస్టేబులు అమ్మాయి పుస్తకాల సంచీ పట్టుకొని, నఖాబు తీయమన్నాడు.

"చూపించెయ్ బేటీ, వెళ్ళిపోదాం" అన్నాము మేము మెల్లగా.

ఆమె మాత్రం, "మహిళా కానిస్టేబుల్‌ను పిలిపించండి సార్. సంచీ చూపిస్తాను, ముఖమూ చూపిస్తాను" అంది. గొంతు పెంచలేదు. వారు ఒకరి ముఖం ఒకరు చూసుకొని మమ్మల్ని వెళ్ళమన్నారు.

ఇల్లు చేరాక అడిగింది: "అబ్బా, మీరెందుకంత భయపడ్డారు?"

ఆమె కోరినది చట్టంలో ఉన్నదే. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 49వ సెక్షన్, అరెస్టయిన స్త్రీని సైతం మరో స్త్రీయే మర్యాదకు భంగం కలగకుండా సోదా చేయాలంటోంది. పాత చట్టంలోనూ ఈ మాట ఉండేది. అరెస్టయిన వారికే ఈ గౌరవముంటే దారిన పోయే ఆడపిల్లకు ఉండదా?

మా భయానికి కారణాలు లేకపోలేదు. 2021 మే నెలలో, లాక్‌డౌన్ రోజులలో, మన నగరానికే చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు దారిలో ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన ఒప్పుకోకపోయినా ఫొటో తీసుకున్నారు. ముఖాలను గుర్తించే యంత్రపరిజ్ఞానాన్ని పోలీసులు వాడడాన్ని ప్రశ్నిస్తూ ఆయన తెలంగాణ హైకోర్టుకు వెళ్ళగా, 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులు వెళ్ళాయి. 2021 అక్టోబరులోనే నగర వీధులలో యువకులను ఆపి, వారి వాట్సాప్‌లో గంజాయి అన్న పదం కోసం వెతికిన దృశ్యాలు అందరూ చూశారు. తనిఖీ వద్దని మేమనము. రాత్రంతా రోడ్డుపై నిలబడే వారి కష్టమూ తెలుసు. ముఖం చూసి మనిషిని ఎంచుకోవడమే మా బాధ.

హజ్రత్ ఉమర్ (రజి) గురించిన ఒక ఉదంతాన్ని ఏటా విద్యార్థులకు చెబుతుంటాము. మదీనాలో రాత్రి గస్తీ తిరుగుతూ ఆయన ఒక ఇంటి గోడ ఎక్కి, లోపల తప్పు చేస్తున్న మనిషిని పట్టుకున్నారు. నేను ఒక తప్పు చేస్తే మీరు మూడు చేశారన్నాడు అతడు: కూపీ తీశారు, ద్వారం గుండా రాలేదు, అనుమతీ సలామూ లేకుండా ప్రవేశించారు. ఖలీఫా ఆ మాట ఒప్పుకొని వెనుదిరిగారు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తుంటే పోలీసులకంటె ముందు మరొకటి మనసులో మెదిలింది. రెండేళ్ళ క్రితం మదరసాలో అయిదు వందల రూపాయలు కనబడలేదు. మేము మొట్టమొదట తెరిపించినది బీహారు నుంచి వచ్చిన పిల్లవాడి పెట్టె. ఎందుకు అతడిదే? కొత్తవాడు, పేదవాడు, భాష సరిగా రానివాడు. పెట్టెలో రెండు కుర్తాలు, ఒక సత్తు పొట్లం ఉన్నాయి. డబ్బు మర్నాడు మా హాజరు పుస్తకంలోనే దొరికింది. అప్పుడు మేము ఏమీ అనలేదు.

తెల్లవారి తరగతిలో అందరి ఎదుటా అతడిని క్షమాపణ అడిగాము. "అది నేను ఎప్పుడో మరచిపోయాను ఉస్తాద్" అన్నాడు నవ్వుతూ. తోటి పిల్లలు తరువాత చెప్పారు: ఆ రోజు నుంచే అతడు పెట్టెకు తాళం వేసుకుంటున్నాడట.