యాస తగ్గించి పంపండి

మన క్లబ్బులో రాసేవాళ్లకు కొదవ లేదు. బయటి పత్రికలకు పంపేవాళ్లే తక్కువ. ఎందుకు పంపరని అడిగితే "మనవి వేస్తరా ఏంది" అంటరు. రెండేళ్లలో నేను పదకొండు కథలు పంపిన. రెండు అచ్చయినయి. ఒకటి జవాబుతో వెనక్కి వచ్చింది. మిగతా ఎనిమిది ఎక్కడున్నయో ఇప్పటికీ తెల్వది.

తిరస్కరణ అంటే ఏదో ఉత్తరం వస్తుందనుకునేదాన్ని. పాతకాలంలో కథతో పాటు స్టాంపులు అతికించిన కవరు జత చేసేవాళ్లు. వేసుకోకపోతే కథ ఆ కవరులోనే ఇల్లు చేరేది. ఇప్పుడు మెయిల్‌లో అంతా మౌనమే. "ఇది నా సొంత రచన, అనువాదం కాదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు" అని మనం హామీపత్రం రాసియ్యాలె. ఆ మాట కోసం నెలల తరబడి కథను ఎవరికీ పంపకుండా కూర్చోవాలె. అటువైపు నుంచి మాత్రం ఏ హామీ ఉండదు. ఈ లెక్క నాకు నచ్చదు.

వెనక్కి వచ్చిన ఆ ఒక్క కథ మా ఇంటిదే. మా బాపు భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన మనిషి, పిల్లలు లేస్తరని చప్పుడు కాకుండా తలుపు తీసుకునుడు, అంతే కథ. ఒక పత్రిక నుంచి జవాబొచ్చింది: "బాగుంది. యాస తగ్గించి పంపండి. బాయి, మస్టర్, నాగా వంటి మాటలు అందరికీ అర్థం కావు."

ఆ పారితోషికం వస్తే ఎగ్జామ్ ఫీజు కట్టుకోవచ్చని అప్పటికే లెక్క వేసుకున్న. అందుకే ఒక రాత్రి కూర్చొని మార్చి చూసిన. "బాయికి పోతున్న" అనే మనిషి "గనికి వెళ్తున్నాను" అన్నడు. చదివితే ఎవరో టీవీ సీరియల్ తండ్రి లెక్క ఉన్నడు.

బాపుకు ఫోన్ చేసి చెప్పిన.

"బాయిని బాయి అనకుండ ఏమనాల్నట?"

"గని అంటరట."

"అది ఆఫీసు కాగితాల మాట కద బిడ్డా" అన్నడు. తర్వాత ఫీజు ఎంతని అడిగిండు. కథ మార్చి పంపలేదు. ఫీజు ఆయనే కట్టిండు, అది వేరే బాధ.

భాష తక్కువదన్న మాట మన దిక్కు కొత్తది కాదు. జనగామ జిల్లా పాలకుర్తి పేరు చెబితే పాల్కురికి సోమనాథుడు గుర్తొస్తడు. పండితులు చిన్నచూపు చూసిన ద్విపదలోనే ఆయన బసవపురాణం రాసిండు, జనం పాడుకోవాలని. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి వాదన పెట్టుకోలేదు. కవుల నుంచి పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చిండు. అందులో 354 మంది! నాకైతే వీళ్లందరికంటే ఒద్దిరాజు సోదరులు ఎక్కువ ఇష్టం. సీతారామచంద్రరావు, రాఘవరంగారావు. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా ఇనుగుర్తిలో, ఒక పల్లెటూర్లో, 1922లోనే అచ్చుయంత్రం పెట్టుకొని 'తెనుగు' వారపత్రిక నడిపిన్రు. ఎవరో వేసుకోవాలని ఎదురుచూడలేదు. మనకు ఈ ఈ-మ్యాగజైన్ పెట్టుడు ఎంత తేలికో అప్పుడు అర్థమైంది.

అయినా బయటికి పంపుడు మానలేదు. ఇక్కడ చదివేది మన దోస్తులే, బాగలేకున్నా లైక్ కొడ్తరు. ఒక నోట్‌బుక్ పెట్టుకున్న: కథ పేరు, పత్రిక, పంపిన తారీఖు. తొంభై రోజులకు ఒక మెయిల్, ఇంకో వారం చూసి వేరే పత్రికకు. ఇట్ల రాసుకుంటే రోజూ ఇన్‌బాక్స్ తెరిచి చూసే రోగం కొంచెం తగ్గింది. కొంచెమే.

బాపు కథ ఇప్పుడు ఇంకో పత్రిక దగ్గరుంది, ఒక్క మాట మార్చకుండా. నలభై రోజులైంది. ఈలోగా పన్నెండో కథ మొదలుపెట్టిన, జనగామ స్టేషన్‌లో రైలు కోసం చూసేవాళ్ల మీద. రోజూ అక్కడ ఎక్కేవాళ్లెవరైనా మన కాలేజీలో ఉంటే, హాస్టల్‌లో ఒకసారి కలవండి.