ఉప్పు తగలని బీన్స్

హ్యూస్టన్‌లో ఒక క్యాథలిక్ చర్చి హాలు, శనివారం రాత్రి. మా ఆఫీసులో పనిచేసే పెద్దావిడ ఒకరు రమ్మంటే వెళ్లాను. తలుపు తీయగానే అకార్డియన్ మోత గుండెకు తగిలింది. దాని వెనకే రేకు మీద ఇనుము గీరుతున్న చప్పుడు, ఒక్క క్షణం కూడా ఆగకుండా. డెబ్బై దాటిన దంపతులూ, వాళ్ల మనవలూ ఒకే తాళానికి అడుగులేస్తున్నారు. ఫోన్లో వీడియో తీసి, "లూసియానా కేజన్ డాన్సు" అని రాసి, మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

పాట ఆగాక, రేకు వాయించిన పెద్దాయన దగ్గరికి వెళ్లి మీ కేజన్ సంగీతం చాలా బాగుందండీ అన్నాను. ఆయన కోప్పడలేదు. భుజాల మీంచి కవచంలా వేలాడుతున్న ఆ స్టీలు రేకును తీసి నా చేతుల్లో పెట్టాడు. "ఈ సంగీతాన్ని జైడెకో అంటాం. మేం క్రియోల్ వాళ్లం. కేజన్లు మా ఇరుగుపొరుగు, మంచివాళ్లే. కానీ మేం వాళ్లం కాదు" అన్నాడు.

ఆ రేకు చేతుల్లో చల్లగా, బరువుగా ఉంది. నాకు మాట రాలేదు. ఢిల్లీలో చదువుకున్న రోజుల్లో నన్ను ఎవరైనా "మద్రాసీ" అంటే ఎంత నొచ్చుకునేవాణ్నో నాకు తెలుసు. అన్నవాళ్లలో చెడ్డవాళ్లు చాలా తక్కువ. కనుక్కోవాలని తోచనివాళ్లే ఎక్కువ. ఇప్పుడు నేనూ అదే పని చేశాను, అదీ ఆయన ఇంటికి వచ్చి.

తర్వాత నెలల తరబడి చదివాను, విన్నాను, ఆ హాలుకి మళ్లీ మళ్లీ వెళ్లాను. కేజన్లంటే ఇప్పటి కెనడాలోని అకేడియా నుంచి 1755లో మొదలుపెట్టి బ్రిటిష్‌వాళ్లు వెళ్లగొట్టిన ఫ్రెంచివారి సంతతి. ఈ హాల్లో ఆడుతున్న క్రియోల్ జనం పూర్వీకుల్లో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లున్నారు, లూసియానాలోనే పుట్టి స్వేచ్ఛగా బతికిన నల్లవారూ ఉన్నారు. ఇద్దరూ ఫ్రెంచి మాట్లాడారు, ఇద్దరూ వరిపొలాల్లో, పత్తిచేలల్లో చెమటోడ్చారు, ఇద్దరి చేతుల్లోనూ అకార్డియనే. అందుకే దూరంనుంచి చూసేవాళ్లకు ఒకటిగా కనిపిస్తారు. 1971లో లూసియానాలోని 22 పారిష్‌లకు (జిల్లాలకు) రాష్ట్ర శాసనసభ "అకేడియానా" అని అధికారికంగా పేరు పెట్టింది. క్రియోల్ ఊళ్లు కూడా అప్పటినుంచి పొరుగువాళ్ల పేరుతోనే చలామణి అయ్యాయి.

పేరు పోతే ఏం పోతుందని అడిగేవాళ్లకు నేను అమెడీ ఆర్డ్వా కథ చెబుతాను. 1898లో పుట్టిన క్రియోల్ అకార్డియన్ విద్వాంసుడు ఆయన. డెనిస్ మెగీ అనే తెల్ల ఫిడేలు వాద్యకారుడితో కలిసి పాలికి సాగు చేస్తూ, రాత్రిళ్లు ఇళ్లలో జరిగే డాన్సుల్లో వాయించేవాడు. 1929లో ఇద్దరూ కలిసి రికార్డులిచ్చారు. నల్లవాడూ తెల్లవాడూ ఒకచోట కూర్చోవడమే తప్పైన రోజులవి. ఒక డాన్సులో చెమట తుడుచుకోమని ఓ తెల్లమ్మాయి రుమాలు ఇచ్చిందని, ఆ నేరానికి కొందరు ఆయన్ని చావగొట్టారని, ఆ దెబ్బలతో మతి చలించిందని అక్కడి జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. 1942లో పైన్‌విల్‌లోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో పోయాడు. పేరులేని సమాధి. ఆయన పాటలు మాత్రం కేజన్ సంగీతానికి పునాదిరాళ్లయ్యాయి. ఆయన విగ్రహం ఓపలూసస్‌లో నిలబడేసరికి 2018 వచ్చింది. ఈ కథ తెలిశాక, పెద్దాయన ఆ రేకును నా చేతుల్లో ఎందుకు పెట్టాడో అర్థమైందనుకుంటున్నాను.

ఇక జైడెకో అన్న మాట. ఫ్రెంచిలో బీన్స్‌ని "లే ఆరికో" అంటారు. క్రియోల్ నోట్లో మన సంధిలాగే రెండు మాటలూ అతుక్కుని "లేజారికో" అవుతుంది. దాని తోకే జైడెకో. బీన్స్‌కి ఉప్పు తగల్లేదు అన్నది వాళ్ల పాత మాట. దీనికి పశ్చిమాఫ్రికా మూలాలు వెతికేవాళ్లూ ఉన్నారు గాని, ఆ హాల్లోని ముసలమ్మలకు ఉప్పు సంగతే తెలుసు. కూరలో ఉప్పు ఎక్కువ, తక్కువ అన్న మాట కాదది. బీన్స్‌లో రుచికోసం వేసే ఉప్పు పంది మాంసం ముక్క కొనుక్కోలేని ఇంటి మాట. కరువు కాలాన్ని ఒక్క ముక్కలో చెప్పి, దాని మీదే చిందేశారు. వాద్యాలు లేని రోజుల్లో చప్పట్లూ కాలిదెబ్బలతోనే పాడుకునే "జురే" పాటల్లో కూడా ఆ మాట ఉంది. జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్ 1934లో లూసియానాలో వాటిని రికార్డు చేశాడు. మొదటిసారి నేను దాన్ని కేవలం సంబరంగా విన్నాను. సంబరమే. కానీ ఆకలిని చూసినవాళ్ల సంబరం.

ఆ రేకు కథ హ్యూస్టన్‌కి దగ్గరిదే. పూర్వం బట్టలుతికే గాడుల పలకనే వాయించేవారు. 1940ల్లో ఓపలూసస్ కుర్రాడు క్లిఫ్టన్ షెనియే టెక్సస్‌లోని పోర్ట్ ఆర్థర్ చమురు శుద్ధి కర్మాగారాల ప్రాంతానికి పనికి వచ్చాడు. అక్కడ విల్లీ లాండ్రీ అనే లోహపు పనివాడికి నేలమీద బొమ్మ గీసి చూపించి, భుజాలకు తగిలించుకునే రేకు చేయించాడని చెబుతారు. దాని పేరు ఫ్రొట్వార్. క్లిఫ్టన్ అన్న క్లీవ్‌లాండ్ దాన్ని సీసా మూతలు తీసే ఓపెనర్లతో వాయించేవాడు. క్లిఫ్టన్ 1965లో రికార్డు చేసిన పాటతో జైడెకో అన్న పేరు లోకమంతా పాకింది.

ఆ చమురే నన్నూ ఇక్కడికి తెచ్చింది. నాకన్నా చాలా ముందు, 1922లో, లూసియానా క్రియోల్ కుటుంబాలు హ్యూస్టన్ ఫిఫ్త్ వార్డులో ఫ్రెంచ్‌టౌన్ కట్టుకున్నాయి. 1927 మిసిసిపీ వరద తర్వాత మరింతమంది వచ్చారు. ఇన్నేళ్లుగా ఆ పక్కనుంచే కారులో వెళుతున్నాను.

ఆ శనివారం రాత్రే, కారు తీయకముందు, గ్రూపులో పెట్టిన వీడియో తీసేసి, "క్రియోల్ వాళ్ల జైడెకో" అని రాసి మళ్లీ పెట్టాను. విజయవాడ నుంచి మా బావ వెంటనే అడిగాడు, క్రియోల్ అంటే ఎవర్రా అని. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. కొన్ని నెలల తర్వాత, ఒక ఆదివారం పొద్దున, కూర్చుని పెద్ద ఉత్తరమే రాశాను. బీన్స్ దగ్గర మొదలుపెట్టాను.