కంబాలకొండలో చిరుగాయకుడు

గుండె చికిత్స అనంతరం మా శ్రీమతికి వైద్యులు నడక విధించగా, గత మార్చిలో ఒక ఉదయం విశాఖపట్నం చేరువనున్న కంబాలకొండ అడవికి వెళ్ళాము. దారిలో ఎండ పడిన మోడుపై పెద్ద నలంచి ఒకటి పాట ఎత్తుకున్నది. తోక నిక్కించి, మాకు పదడుగుల దూరంలోనే నిర్భయంగా నిలిచిన ఈ నలుపు తెలుపుల పిట్టే బంగ్లాదేశ్ జాతీయ పక్షి.

కెమేరా తీశాము. నలుపునకు వెలుతురు సరిచేస్తే తెలుపు వెలిసిపోతున్నది. తెలుపునకు సరిచేస్తే నలుపులో కన్ను మునిగిపోతున్నది. మా ఇంజనీరింగు అనుభవమేదీ అక్కరకు రాలేదు.

“లెక్కలు చాలించి ముందు పాట వినండి” అన్నది శ్రీమతి. విన్నాము. కాసేపటికి పిట్ట నీడలోకి గెంతినది. ఆ మెత్తని వెలుగులో రెండు రంగులూ కుదిరి, ఒకే ఒక్క చక్కని ఫోటో దక్కింది.

ఇల్లు చేరాక గాని గమనించలేదు: ఆ పూట శ్రీమతి ఆయాసమని ఒక్కసారైనా కూర్చోలేదు.