తెల్ల గుర్తు

మా తమ్ముడు టెక్సస్‌లో సొంత ట్రక్కు నడుపుతాడు. పోయిన నెల అది దారిలో ఆగిపోయింది. టో చేసినవాళ్ళు డ్రైవ్‌షాఫ్ట్ విప్పి చేతికిచ్చారు. ఇంజను ఆగి ఉండగా వెనక చక్రాలు తిరిగితే ట్రాన్స్‌మిషన్‌లో అన్ని చోట్లకీ నూనె అందదు, పాడైపోతుంది. అందుకే విప్పుతారు.

మళ్ళీ బిగించేటప్పుడు టార్చిలైటు పట్టుకోవడం నా పని. గుడిలో వాహన పూజకి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేది నేనే. ఈసారి చెక్క దిమ్మలు పెట్టాను. షాఫ్ట్ లేనప్పుడు గేరులో ఉన్నా బండి దొర్లిపోగలదు, కింద మనిషి ఉన్నాడు.

"అక్కా, తెల్ల గుర్తు కనిపిస్తోందా?" అన్నాడు.

షాఫ్ట్‌లో రెండు ముక్కలు పళ్ళతో ఒకదానిలో ఒకటి జారతాయి. విప్పేముందు రెండిటి మీదా పెయింటు గీత పెట్టారు. ఒక్క పన్ను తప్పినా రెండు చివర్ల యోకులు ఒకే వరుసలో ఉండవు. వేగం పెరిగితే అదురుతుంది, క్రాసులు అరిగిపోతాయి.

నేను ఇంగ్లీషు మీడియం. "గుర్తుంది, గుర్తు లేదు" అనడమే తెలుసు. గీత కూడా గుర్తే అని అరవై దాటాక ట్రక్కు పక్కన తెలిసింది. మీకు ముందే తెలుసా?

పాత బోల్టులు బాగానే ఉన్నాయి కదా అన్నాను.

"వద్దక్కా, కొత్తవే. ఇది రోడ్డు మీద ఊడితే వెనక కారులో ఎవరుంటారో."

టార్క్ రెంచితో ఒక్కొక్కటీ బిగించాడు. తర్వాత గ్రీజు కొట్టాడు. మూడు కప్పుల దగ్గర పాత గ్రీజు బయటికొచ్చింది, నాలుగో దగ్గర రాలేదు. షాఫ్ట్‌ని అటూ ఇటూ కదిపి మళ్ళీ కొట్టాడు. నేను లైటు అక్కడే పట్టుకున్నాను. కాసేపటికి నల్లగా, సన్నగా వచ్చింది.