కళుగుమలై కొండ - కరిసల్ నేలలోని సున్నం

కోవిల్‌పట్టి నుండి శంకరన్‌కోవిల్ పోయే దారిలో ఇరవై కిలోమీటర్లు దాటగానే, బల్లపరుపుగా పరచుకొన్న నల్లనేల నడుమ ఒక బోడికొండ కనిపిస్తుంది. అదే కళుగుమలై. కళుగు అంటే తమిళంలో గద్ద. మనవారు సాధారణంగా ఇక్కడికి సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి వస్తారు. ఓపిక ఉన్నవారు కొండెక్కి జైన విగ్రహాలను, వెట్టువాన్ కోయిలను చూచి దిగుతారు. ఈసారి పోయినప్పుడు ఆ శిల్పాలతోపాటు రాతిని, చుట్టూ ఉన్న నేలను కూడా కాస్త పరికించండి. అవి చెప్పే కథకు మన ఇళ్లతోను, పొలాలతోను సంబంధం కలదు.

వెట్టువాన్ కోయిల 8వ శతాబ్దంలో పాండ్యుల కాలంలో తొలిచినది. ఎల్లోరా కైలాసంవలెనే ఒకే బండను పైనుండి కిందికి చెక్కుతూ వచ్చారు. శిఖరం పూర్తయింది, అడుగుభాగం మిగిలిపోయింది. పన్నెండు వందల ఏండ్ల ఎండవానలకు ఓర్చి అక్కడి బొమ్మల ముఖాలలో కళ ఇంకా నిలిచి ఉన్నది. ఇది గ్రానైటు జాతి కఠినశిల; వాననీరు దానిని త్వరగా కరగించలేదు.

కొండమీద నిలబడి ఈశాన్యంగా చూడండి. ఆ దిక్కున సుమారు యాభై కిలోమీటర్ల దూరాన, అరుప్పుకోట్టైకి సమీపంలో పందల్‌గుడి ఉన్నది. అక్కడి నేలలో సున్నపురాతి పట్టీలు ఉన్నాయి. కాని కళుగుమలైవలె అవి ఎత్తుగా నిలిచి కనిపించవు. వాననీటిలో గాలినుండి కలిసే కొద్దిపాటి ఆమ్లం చాలు, సున్నపురాయి మెల్లమెల్లగా కరిగిపోతుంది. గట్టిరాయి కొండయి నిలిచింది. సున్నపురాయి నేలబారుగా అణగి ఉన్నది.

సున్నపురాయి సాధారణంగా సముద్రం అడుగున పొరలుపొరలుగా పేరుకొంటుంది. పల్నాటి రాయిని చూచినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. అక్కడ పొరలు పుస్తకంలో పుటలవలె చాలాచోట్ల ఇంకా పడుకొనే ఉన్నాయి. అమరావతి శిల్పులు చెక్కినది ఆ రాతినే. ఈజిప్టు ఎడారిలోని పిరమిడ్ల రాళ్లలోనైతే నాణెములవంటి చిన్న చిన్న జీవుల గుల్లలు కంటికి కనిపిస్తాయి. పిరమిడ్లు కట్టిన కూలీలు తినగా మిగిలిన పప్పుగింజలే అలా రాయిగా మారాయని అక్కడివారు చెప్పుకొనేవారట. రెండువేల ఏండ్లనాడు స్ట్రాబో అనే గ్రీకు పండితుడు ఈ మాట వ్రాసిపెట్టాడు. నిజానికి అవి నాలుగైదు కోట్ల ఏండ్లనాటి సముద్రజీవులు.

పందల్‌గుడి రాయిలో అటువంటి గుర్తులు వెదకినా దొరకవు. యాభై కోట్ల ఏండ్లకు పూర్వమే అది భూమి లోతులకు దిగి, గొప్ప వేడికి, ఒత్తిడికి లోనై, కొత్తగా స్ఫటికాలు కట్టింది. విరిచి చూస్తే కలకండవలె మెరుస్తుంది. పొరలు ముడుతలు పడి నిలువుగా ఒరిగాయి. కనుకనే వాటి వరుసను చదవడం పండితులకు కూడా కష్టమైన పని.

ఇక మూడవది మన రైతుకు నిత్యపరిచయమైన సున్నం. కరిసల్ నేలలో బావి తవ్వినా, గుంట తీసినా తెల్లని గుండ్లు బయటపడతాయి. రాళ్లు చివికినప్పుడు వాటిలోని సున్నం వాననీటితో లోపలికి దిగి, ఎండకు నీరు ఆరిపోగా గుండ్లుగా గడ్డకడుతుంది. వాన తక్కువైన సీమలలోనే ఇది జరుగుతుంది. సముద్రం చేసిన రాయి కోట్ల ఏండ్లది. ఈ గుండ్లు దానిముందు పసిపిల్లలు. విజయనగర, మధుర నాయకుల కాలంలో దక్షిణానికి తరలి వచ్చిన మన పెద్దలలో అనేకులు ఈ నల్లనేలలోనే కాపురాలు పెట్టి, పత్తి, జొన్న పండించారు.

నూరు కిలోల శుద్ధమైన సున్నపురాయిని బట్టీలో కాలిస్తే యాభైఆరు కిలోల సున్నం మిగులుతుంది; తక్కినది గాలిలో కలుస్తుంది. దానికి నీళ్లు పోసి గోడకు పూస్తే, పోయిన గాలిని మరల తీసుకొని మెల్లగా రాయి అవుతుంది. సంక్రాంతికి ఇల్లు వెల్లవేసిన ప్రతి గృహిణి ఎరుగని రాతివిద్య ఇది! సిమెంటు వచ్చి ఈ పద్ధతిని మార్చింది. రాజపాళయం తెలుగు రాజుల కుటుంబానికి చెందిన పి.ఎ.సి. రామసామి రాజా 1957లో మద్రాస్ సిమెంట్స్ సంస్థను స్థాపించారు. 1960ల ఆరంభంలో విరుదునగర్ సమీపాన తుళుక్కపట్టిలో కర్మాగారం నడక సాగించింది. పందల్‌గుడి రాయి అక్కడికే పోయింది. వానలు తప్పిన ఏట కూలి దొరకని సీమలో ఎన్నో ఇళ్ల పొయ్యి వెలిగింది. ఇది చిన్న మేలు కాదు.

అయితే ఒక్క మాట. వెట్టువాన్ కోయిలను చెక్కిన శిల్పికి ఒక కట్టుబాటు ఉన్నది: తీసిన రాయిని మరల అతికించలేడు. అందుచేత ప్రతి ఉలిదెబ్బకు ముందు ఆలోచించాడు. సున్నపురాయి తవ్వే మనకూ అదే కట్టుబాటు వర్తిస్తుంది. పత్తి ఏటేటా పండుతుంది. సున్నపుగుండ్లు వేల ఏండ్లకు పెరుగుతాయి. పందల్‌గుడి పట్టీ మాత్రం మరల పుట్టదు. తవ్విన గుంతను చెత్తతో నింపుతామా, వాననీటికి చెరువు చేస్తామా అన్నది మన చేతిలో ఉన్నది. కళుగుమలైకి పిల్లలను తీసుకొని పోయేవారు స్వామి దర్శనమైన పిదప వారి చేతిలో ఒక సున్నపుగుండును పెట్టి ఈ కథ చెప్పండి. తాము ఏ నేలమీద పెరుగుతున్నారో వారికి తెలియవద్దా?